క్యాపిటల్ లెటర్ అంటే 'గారు' కాదు

(జిల్లా గ్రంథాలయం హాల్లో డిగ్రీ విద్యార్థులకు, పోటీ పరీక్షలకు తయారవుతున్నవారికి ఒక విశ్రాంత ఇంగ్లీషు సబ్ ఎడిటర్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్ళకి వినపడుతోందా? సరే. ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళు మీకిచ్చిన కాగితాలు కాస్త గట్టిగా పట్టుకోండి, మళ్ళీ చివర్లో వాటితో పనుంది.

మీలో లీవ్ లెటర్ రాయనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? లేరు. ఉండరు. తెలుగునాట బడికెళ్ళిన ప్రతివాడికీ కంఠతా వచ్చిన ఇంగ్లీషు వచనం ఏదైనా ఉందంటే అదే. 'రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్.' బోర్డు మీద రాశాను చూడండి, మనవాళ్ళు మామూలుగా ఎలా రాస్తారో అచ్చంగా అలాగే. రెస్పెక్టెడ్‌కి పెద్ద ఆర్, సర్‌కి పెద్ద ఎస్. బాగానే ఉంది, సంబోధన కదా. తర్వాత సఫరింగ్‌కి పెద్ద ఎస్. ఎందుకు? ఫీవర్‌కి పెద్ద ఎఫ్. ఎందుకండీ? జ్వరం అంత గొప్పదా? 'మై ఫాదర్' దగ్గర ఫాదర్‌కి పెద్ద ఎఫ్. లీవ్‌కి పెద్ద ఎల్. చివర్లో 'యువర్స్ ఒబీడియంట్లీ', రెండు మాటలకీ పెద్దవే. ఇన్ని పెద్ద అక్షరాలు ఖర్చుపెట్టి, కింద ఊరి పేరు దగ్గరకొచ్చేసరికి చిన్న అక్షరం. అది ఒక్కటీ పెద్దది కావాల్సింది!

నవ్వకండి. నవ్వకండి, దీని వెనక ఒక లెక్క ఉంది. నేను డెస్కులో ఉన్నన్నాళ్ళూ విలేకరుల కాపీ దిద్దుతూ ఈ లెక్కేమిటా అని ఆలోచించేవాణ్ణి. మన తెలుగులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే గొడవ లేదు. హిందీలో లేదు, తమిళంలో లేదు, ఉర్దూలో లేదు, మన దేశపు ప్రధాన లిపులు వేటిలోనూ లేదు. 'క' అంటే 'క'. రాజుగారి పేరులో ఉన్నా, కాకరకాయలో ఉన్నా అదే 'క'. మరి పిల్లవాడు మూడో తరగతిలో ఇంగ్లీషు రాస్తుంటే మాస్టారు ఏం చెప్తారు? 'ముఖ్యమైన మాటలకు క్యాపిటల్ పెట్టరా' అంటారు. పిల్లవాడు ఆలోచిస్తాడు. నాన్న ముఖ్యం. ప్రిన్సిపాల్ ముఖ్యం. సెలవు మరీ ముఖ్యం. అంతే! మనకి తెలిసిన గౌరవం ఏమిటి? పేరు వెనక 'గారు' తగిలించడం. ఇంగ్లీషులో గారు లేదు కాబట్టి ముందు పెద్ద అక్షరం తగిలిస్తున్నాం. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. క్యాపిటల్ లెటర్ అంటే గారు కాదు. మరి ఏమిటి? 'ఫలానా' అని చెప్పే గుర్తు. ఏదో ఒక నది కాదు, ఫలానా నది. ఎవరో ఒక ఆఫీసరు కాదు, ఫలానా ఆఫీసరు. వాక్యం మొదట్లో వచ్చేది వేరే సంగతి, అది మీ అందరికీ తెలుసు, దాని గురించి టైము వృథా చేయను.

అసలు రెండు రకాల అక్షరాలు ఎందుకొచ్చాయి? క్లుప్తంగా చెప్తాను. రోమన్లకి ఉన్నవి పెద్ద అక్షరాలే. రోమ్ నగరంలో ట్రాజన్ చక్రవర్తి స్తంభం ఉంది, 113లో నిలబెట్టింది. దాని పీఠం మీద శాసనం చూడండి, ఒక్క చిన్న అక్షరం కనపడదు. రాతి మీద ఉలితో చెక్కడానికి ఆ నిలువు గీతలు బాగుంటాయి. తోలు మీద కలంతో గబగబా రాసేవాడికి బాగుండవు. చెయ్యి గుండ్రంగా తిరుగుతుంది, కొన్ని గీతలు పైకి పోతాయి, కొన్ని కిందికి దిగుతాయి. అలా కొన్ని వందల ఏళ్ళు నలిగి నలిగి, ఎనిమిదో శతాబ్దం చివర్లో షార్లమేన్ చక్రవర్తి కాలానికి ఒక చక్కటి చిన్న అక్షరాల రాత స్థిరపడింది. అంటే చిన్న అక్షరాలు తర్వాత పుట్టినవి. పెద్దవి పోలేదు, మొదట్లోనూ శీర్షికల్లోనూ అలంకారంగా మిగిలాయి. తర్వాత అచ్చు వచ్చింది. అచ్చాఫీసులో కంపోజిటర్ ముందు రెండు చెక్క అరల పెట్టెలు, పై కేసులో పెద్దవి, కింది కేసులో చిన్నవి. అప్పర్ కేస్, లోయర్ కేస్ అంటున్నామే, అది అక్కడిదే.

ఇప్పుడు వినండి, ఇది సరదాగా ఉంటుంది. మన లీవ్ లెటర్‌లా ఇంగ్లీషువాళ్ళు కూడా ఒకప్పుడు రాశారు! 17, 18 శతాబ్దాల ఇంగ్లీషు పుస్తకాలు తెరవండి, కనపడ్డ నామవాచకానికల్లా పెద్ద అక్షరమే. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చూడండి. మొదటి వాక్యం మధ్యలో 'కోర్స్' అనే మాటకి పెద్ద సి. 'లైఫ్'కి పెద్ద ఎల్, 'లిబర్టీ'కి పెద్ద ఎల్, 'హ్యాపీనెస్'కి పెద్ద హెచ్. ఆ హ్యాపీనెస్ కోసం చేసే 'పర్స్యూట్' ఉందే, దానికి చిన్న పి. అదీ నామవాచకమే పాపం. 1787 నాటి వాళ్ళ రాజ్యాంగం కూడా ఇంతే. తర్వాత తర్వాత ఇంగ్లీషు ఆ అలవాటు మానుకుంది. జర్మన్ మానలేదు. జర్మన్‌లో ఇవాళ్టికీ కుర్చీకి పెద్ద అక్షరం, రొట్టెకి పెద్ద అక్షరం, జ్వరానికీ పెద్ద అక్షరమే. మన లీవ్ లెటర్ జర్మన్‌లో రాసి ఉంటే సగం మార్కులొచ్చేవి.

సరే, పనిలోకి వద్దాం. 'ఫలానా' అన్నాను కదా. ఇది ఎలా పట్టుకోవాలి? మన గోదావరినే తీసుకోండి. 'రాజమండ్రి ఈజ్ ఆన్ ది ఈస్ట్ బ్యాంక్ ఆఫ్ ది గోదావరి.' ఇక్కడ ఈస్ట్‌కి ఏ ఇ? చిన్న ఇ. ఎందుకంటే అది దిక్కు. సూర్యుడు పొడిచే వైపు. 'రాజమండ్రి ఈజ్ ఇన్ ఈస్ట్ గోదావరి.' ఇప్పుడు? పెద్ద ఇ. ఎందుకంటే అది దిక్కు కాదు, ఫలానా జిల్లా పేరు. మాట ఒకటే, నది ఒకటే, ఊరు ఒకటే. ఒకచోట చిన్నది, ఒకచోట పెద్దది. సౌత్ సెంట్రల్ రైల్వే, మూడు మాటలకీ పెద్దవి, అది సంస్థ పేరు. 'ది ట్రెయిన్ వెంట్ సౌత్', చిన్నది, అది బండి వెళ్ళిన దారి. ఇది అర్థమైతే సగం పని అయిపోయింది.

ఇక్కడ ఒకాయన చెయ్యెత్తారు... డిస్ట్రిక్ట్ అనే మాటకా? మంచి ప్రశ్న. 'ఈస్ట్ గోదావరి డిస్ట్రిక్ట్' అన్నప్పుడు ఆ డి పెద్దదా చిన్నదా? ఇంగ్లీషు పత్రికలు ఎక్కువగా చిన్న డి రాస్తాయి, ప్రభుత్వ ఉత్తర్వుల్లో పెద్ద డి ఉంటుంది. రెండూ చెల్లుతాయి. కానీ ఒకే పేజీలో పైన పెద్దది, కింద చిన్నది రాస్తే మాత్రం మీకు తెలియక రాశారని చదివేవాడికి తెలిసిపోతుంది. ఇలాంటి చోట్ల నియమం కన్నా ఒకే మాట మీద నిలబడటం మేలు.

తిండి దగ్గరికి వద్దాం, అందరూ మేలుకుంటారు. హైదరాబాదీ బిర్యానీ. హెచ్ పెద్దది, బిర్యానీ బి చిన్నది. గుంటూరు మిర్చిని ఇంగ్లీషులో రాస్తే గుంటూరు జి పెద్దది, చిల్లీ సి చిన్నది. తిరుపతి లడ్డూ, టి పెద్దది, ఎల్ చిన్నది. ఊరు ఫలానా, వంటకం రకం. ఇడ్లీ, దోసె, ఉప్మా అన్నీ చిన్న అక్షరాలతోనే. హోటల్ మెనూ కార్డు వేరండీ, అక్కడ ప్రతిదానికీ పెద్దక్షరమే, అది అలంకారం. మెనూ కార్డు చూసి గ్రామరు నేర్చుకోకండి. పెళ్ళి శుభలేఖ చూసి అసలే నేర్చుకోకండి!

పండుగలు పేర్లు కాబట్టి సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ పెద్దక్షరంతో. నెలలు, వారాలు పెద్దక్షరంతో. కానీ రుతువులు చిన్నవి. సమ్మర్, వింటర్ చిన్న అక్షరాలు. 'సమ్మర్ హాలిడేస్' అని రాసేటప్పుడు మనవాళ్ళకి ఎస్, హెచ్ రెండూ పెద్దవైపోతాయి. సెలవులంటే అంత ప్రేమ.

ఇప్పుడు అమ్మ సంగతి. ఇది జాగ్రత్తగా వినండి, ఇక్కడే అందరూ పడిపోతారు. 'ఐ ఆస్క్‌డ్ మై మదర్', ఎమ్ చిన్నది. 'ఐ ఆస్క్‌డ్ మదర్', ఎమ్ పెద్దది. అమ్మ అదే అమ్మ! మరి మొదటిదాంట్లో గౌరవం తగ్గిందా? ఏమీ తగ్గలేదు. గారు కాదని అందుకే మొత్తుకుంటున్నాను. రెండో వాక్యంలో 'మదర్' అనేది ఆవిడ పేరు స్థానంలో కూర్చుంది. ఒక చిన్న పరీక్ష చెప్తాను. ఆ మాట తీసేసి అక్కడ ఒక పేరు పెట్టి చూడండి. 'ఐ ఆస్క్‌డ్ లక్ష్మి', వాక్యం నిలబడింది. అయితే పెద్దక్షరం. 'ఐ ఆస్క్‌డ్ మై లక్ష్మి', ఏదోలా ఉంది కదూ? అయితే చిన్నక్షరం. అంకుల్‌కి, ఆంటీకి, గ్రాండ్‌ఫాదర్‌కి, అందరికీ ఇదే పరీక్ష.

కలెక్టరు, మంత్రి, ప్రిన్సిపాల్ కూడా అంతే. పేరు ముందు తగిలిస్తే పెద్దది, ఎందుకంటే అది పేరులో భాగమైపోయింది. విడిగా 'ది కలెక్టర్ విజిటెడ్ ది విలేజ్' అంటే మా పత్రికలో చిన్న సి వేసేవాళ్ళం. వేస్తే ఏమయ్యేది? పొద్దున్నే ఫోన్లు. 'సార్‌కి చిన్న సి వేశారేమిటండీ!' సార్‌కి కాదు బాబూ, ఆ మాటకి వేశాం అని చెప్పలేక చచ్చేవాళ్ళం. ఆఫీసు ఉత్తరాల్లో మాత్రం పెద్ద సి రాయడం ఆనవాయితీ. మీరు ఉద్యోగంలో చేరితే మీ ఆఫీసు ఆనవాయితీ ప్రకారమే రాయండి, నా పేరు చెప్పి పోట్లాడకండి.

దస్తావేజుల్లో ఇంకో పద్ధతి ఉంది, అది మాత్రం తెలుసుకుని తీరాలి. ఎందుకంటే అక్కడ పెద్ద అక్షరానికి డబ్బు విలువ ఉంటుంది. ఇంగ్లీషులో రాసిన సేల్ డీడ్ చూడండి. మొదటి పేరాలో పేరు, తండ్రి పేరు, చిరునామా అన్నీ రాసి, 'ఇకమీదట వెండర్ అని పిలవబడును' అంటారు. అక్కణ్ణించి పెద్ద వితో వెండర్ అని ఎక్కడొచ్చినా ఆ మనిషే. అమ్మేవాడెవడో ఒకడు కాదు. 'షెడ్యూల్ ప్రాపర్టీ' అని పెద్ద ఎస్, పెద్ద పితో ఉంటే, చివర్లో నాలుగు సరిహద్దులతో చెప్పిన ఆ స్థలమే. అద్దె అగ్రిమెంటు అయినా, ఉద్యోగపు కాంట్రాక్టు అయినా ఇంతే. సంతకం పెట్టేముందు మధ్యలో పెద్దక్షరం కనపడితే ఆగండి. ఆ మాటకి ఎక్కడో ఒకచోట ప్రత్యేకంగా అర్థం రాసి ఉంటుంది. వెనక్కి వెళ్ళి అది చదవండి.

మీ బయోడేటాల సంగతి. చాలా చూశాను. 'లాంగ్వేజెస్ నోన్' అని రాసి తెలుగుకి చిన్న టి, ఇంగ్లీషుకి చిన్న ఇ రాస్తారు. ఆ పైన 'మ్యాథమెటిక్స్', 'ఫిజిక్స్' వాక్యం మధ్యలో పెద్ద అక్షరాలతో ఉంటాయి. సరిగ్గా తలకిందులు! భాషల పేర్లు, జాతుల పేర్లు ఎప్పుడూ పెద్దక్షరంతోనే. లెక్కలు, భౌతికశాస్త్రం మామూలు వాక్యంలో చిన్నవే. డిగ్రీ పేరో, పేపరు పేరో పూర్తిగా రాస్తే అప్పుడు పెద్దవి.

పేర్ల మాట వచ్చింది కాబట్టి మన ఇనీషియల్స్ గురించి చెప్పాలి. ఇది ఏ ఇంగ్లీషు గ్రామరు పుస్తకంలోనూ దొరకదు, మన సొంత సమస్య. ఇంటిపేరు చెరుకూరి అనుకోండి. ఇనీషియల్ ఏం రాస్తాం? సి, హెచ్ రెండూ. ఎందుకంటే మనకి 'చె' ఒక్క అక్షరం, ఇంగ్లీషులో రెండైంది. షేక్‌కి ఎస్, కె. మహమ్మద్‌కి ఎమ్, డి. భూపతిరాజుకి బి, హెచ్. వీటిలో మొదటిది పెద్దది, రెండోది చిన్నది, తర్వాత చుక్క. చుక్క ఒక్కటే, రెండింటి మధ్యలో కాదు. అది రెండు ఇనీషియల్స్ కాదు, ఒకటే ఇనీషియల్ అని చెప్పేది ఆ చిన్న అక్షరం. ఇప్పుడు దరఖాస్తు ఫారం వస్తుంది, 'ఫిల్ ఇన్ బ్లాక్ లెటర్స్'. అన్నీ పెద్దవే రాయాలి, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. చిన్న హెచ్ కాస్తా పెద్ద హెచ్ అయింది. దాన్ని టైపు చేసేవాడు సి ఒక ఇనీషియల్, హెచ్ ఇంకో ఇనీషియల్ అనుకున్నాడు, మధ్యలో ఖాళీ పెట్టాడు. పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాన్ కార్డులో ఇంకోలా. ఎంతమందికి జరిగింది ఇలా? చేతులెత్తండి... అమ్మో. చూశారా! అందుకే ఇంటిపేరు పూర్తిగా రాసే అవకాశం ఉన్నచోట పూర్తిగా రాసేయండి.

పాస్‌పోర్టులో కింద బాణాల గుర్తులతో రెండు వరుసలు ఉంటాయి చూడండి. యంత్రం చదివే వరుసలవి. ప్రపంచంలో ఏ దేశపు పాస్‌పోర్టులోనైనా అక్కడ పెద్ద అక్షరాలు, అంకెలు, ఆ బాణం గుర్తు, అంతే. చిన్న అక్షరమే ఉండదు. అక్కడ పెద్దా చిన్నా అనే తప్పు ఎవరూ రాయలేరు.

సైన్సు వాళ్ళు ఎవరున్నారు ఇక్కడ? ఆ, ముందు వరసంతా మీరే. మీరు ఈ విషయంలో మిగతావాళ్ళకన్నా నయం, ఎందుకంటే మీకు తప్పు రాస్తే పేలుతుంది. సి పెద్దది, ఓ చిన్నది రాస్తే ఏమిటి? కోబాల్ట్, లోహం. రెండూ పెద్దవి రాస్తే? కార్బన్ మోనాక్సైడ్. ప్రాణం తీసే వాయువు. కరెంటు వాళ్ళు ఎమ్, డబ్ల్యూ రెండూ పెద్దవి రాస్తే మెగావాట్, పది లక్షల వాట్లు. ఎమ్ చిన్నది రాస్తే మిల్లీవాట్, వాట్‌లో వెయ్యోవంతు. తేడా ఎంత? వంద కోట్ల రెట్లు! ఒక అక్షరం ఎత్తులో వంద కోట్ల రెట్లు.

మీ ఇంట్లో ఇంటర్‌నెట్ ఉంది కదా, 'వంద ఎంబీపీఎస్' అని అమ్మారు. సినిమా డౌన్‌లోడ్ చేస్తే సెకనుకి పన్నెండు ఎంబీ దాటట్లేదని తిట్టుకుంటారు. మోసమా? కాదు. ప్లానులో రాసిన బి చిన్నది, అంటే బిట్. డౌన్‌లోడ్ దగ్గర కనపడే బి పెద్దది, అంటే బైట్. ఎనిమిది బిట్లు ఒక బైట్. వందని ఎనిమిదితో భాగించండి, పన్నెండున్నర. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, చిన్న అక్షరంతో నిజం చెప్పారు.

కిరాణా కొట్టు బోర్డు మీద కేజీ అని రెండూ పెద్ద అక్షరాలు రాస్తారు. కొలతల పద్ధతిలో అది రెండూ చిన్నవే. పెద్ద కె అంటే కెల్విన్, ఉష్ణోగ్రత. ఇక్కడ ఒక వింత. శాస్త్రవేత్తల పేర్లు పెట్టిన కొలతల్ని పూర్తిగా రాస్తే చిన్నక్షరం, న్యూటన్, వాట్, కెల్విన్, ఆంపియర్ అన్నీ. పొట్టిగా ఒక్క అక్షరం రాస్తే పెద్దది. మనిషి పేరు కొలతైపోయింది కదా, ఇక ఫలానా మనిషి కాదు. ఈ మెట్రిక్ కొలతల్లో సెల్సియస్ ఒక్కడే పూర్తి పేరులోనూ పెద్దక్షరం నిలబెట్టుకున్నాడు. లీటరు ఎవరి పేరూ కాదు, దానికి చిన్న ఎల్ చాలు. కానీ చిన్న ఎల్ రాస్తే ఒకటి అంకెలా ఉంటోందని 1979లో పెద్ద ఎల్ కూడా రాసుకోవచ్చన్నారు. పాల ప్యాకెట్టు చూడండి ఇంటికెళ్ళి.

వేపచెట్టు శాస్త్రీయ నామం? అజాడిరక్టా ఇండికా. మొదటి మాటకి పెద్ద ఎ, రెండో మాటకి చిన్న ఐ. ఇండియా పేరే అందులో ఉంది కదండీ, దేశం పేరుకి చిన్నక్షరమా అని దేశభక్తులు అడగవచ్చు. మామిడికీ అంతే, మాంజిఫెరా ఇండికా. ప్రజాతికి పెద్దది, జాతికి చిన్నది, ఇది జీవశాస్త్రం వాళ్ళ కట్టుబాటు. అక్కడ 'ఫలానా' నియమం కూడా పనిచేయదు.

పేరు మామూలు మాటైపోతే పెద్దక్షరం రాలిపోతుందని ఇప్పుడే అన్నాను కదా. డీజిల్ ఒక మనిషి, రుడాల్ఫ్ డీజిల్, జర్మన్ ఇంజనీరు. ఇప్పుడు బంకులో పోయించుకునే దానికి చిన్న డి. బాయ్‌కాట్ ఒక మనిషి, ఐర్లండులో జమీందారు తరఫున శిస్తులు వసూలు చేసిన కెప్టెన్ బాయ్‌కాట్. 1880లో రైతులంతా కలిసి ఆయన్ని వెలివేశారు. ఇప్పుడు పరీక్షలు బాయ్‌కాట్ చేస్తారు, చిన్న బితో. మన వీధి చివర జిరాక్స్ షాపు కూడా ఆ దారిలోనే ఉంది. కంపెనీ వాళ్ళు మాత్రం అది మా పేరు, పెద్ద ఎక్స్ రాయాల్సిందే అంటారు. వాళ్ళ ఆస్తి అది, అంటారు మరి.

అన్నీ పెద్ద అక్షరాలే రాస్తే ఏం? కొందరు వాట్సాప్‌లో క్యాప్స్ లాక్ నొక్కి వదిలేస్తారు. మా తరం వాళ్ళే ఎక్కువ. వాళ్ళని అనకండి, మేం టెలిగ్రాములు చదివి పెరిగినవాళ్ళం. టెలిగ్రాములో అన్నీ పెద్ద అక్షరాలే, అది వచ్చిందంటేనే ఇంట్లో ఏడుపు మొదలు. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రాం ఆగిపోయింది. అమెరికా వాతావరణ శాఖ అయితే 2016 మే దాకా వాతావరణ సూచనలన్నీ పెద్ద అక్షరాలతోనే ఇచ్చింది. పాత టెలిప్రింటర్లలో చిన్న అక్షరాలు లేకపోవడం వల్ల వచ్చిన అలవాటు, యంత్రాలు పోయినా అలవాటు పోలేదు. మామూలు సమాచారమంతా చిన్నక్షరాల్లోకి మార్చాక, నిజంగా ప్రమాదం ఉన్నప్పుడు పెద్ద అక్షరాలు వాడుకునే వీలు మిగిలింది. మొత్తం అరిస్తే, అరవాల్సిన చోట అరవడానికి ఏం మిగులుతుంది చెప్పండి?

బ్రిటన్‌లో 1958లో మొదటి మోటార్‌వే వేసినప్పుడు జాక్ కినియర్, మార్గరెట్ కాల్వర్ట్ అని ఇద్దరు డిజైనర్లు ఊళ్ళ పేర్ల బోర్డులు తయారుచేశారు. మొదటి అక్షరం పెద్దది, మిగతావి చిన్నవి. పెద్ద గొడవైంది, అన్నీ పెద్దవే ఉండాలని ఒక వర్గం. వీళ్ళ వాదనేమిటంటే, చిన్న అక్షరాల్లో కొన్ని పైకి లేస్తాయి, కొన్ని కిందికి దిగుతాయి, ఊరి పేరుకి ఒక ఆకారం వస్తుంది, వేగంగా పోయేవాడు ఆ ఆకారాన్ని గుర్తుపడతాడు. అన్నీ పెద్దవైతే ప్రతి పేరూ ఒకే డబ్బా. వాళ్ళ పద్ధతే నిలిచింది, ఇవాళ్టికీ ఉంది.

ఎవరో అడిగారు ఇందాక, 'ఐ' ఎప్పుడూ పెద్దదెందుకు, ఇంగ్లీషువాళ్ళకి అహంకారమా అని. లేదండీ. పాత ఇంగ్లీషులో అది 'ఇచ్' లాంటి మాట. అరిగి అరిగి ఒక్క అక్షరం మిగిలింది. చేతిరాతలో ఒంటరి చిన్న ఐ పక్క మాటలో కలిసిపోయేది, కనపడేది కాదు. అందుకని పొడుగు చేశారు. ఫ్రెంచివాడు 'నేను' అనడానికి చిన్నక్షరమే రాస్తాడు, జర్మన్ వాడూ అంతే. జర్మన్‌లో 'మీరు' అనే మాటకి మాత్రం పెద్ద ఎస్. అది నిజంగా మన గారే! ఇంగ్లీషులో అలాంటిది ఒక్కచోటే ఉంది, దేవుణ్ణి 'ఆయన' అనేటప్పుడు భక్తి పుస్తకాల్లో పెద్ద హెచ్ రాస్తారు.

మన తెలుగువాళ్ళు మాత్రం పెద్ద అక్షరాన్ని ఇంగ్లీషువాళ్ళు వాడని పనికి వాడారు. 1990ల మొదట్లో అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలోని మన కుర్రాళ్ళు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి ఒక పద్ధతి కట్టారు, ఆర్‌టీఎస్ అంటాం. అప్పట్లో కంప్యూటర్లో తెలుగు ఫాంట్లు ఎక్కడివి? చిన్న టి అంటే త, పెద్ద టి అంటే ట. చిన్న ఎల్ అంటే ల, పెద్ద ఎల్ అంటే ళ. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. అంటే 'పాత పాట' అని రాస్తే మొదటిదాంట్లో చిన్న టి, రెండోదాంట్లో పెద్ద టి. మీరు మామూలుగా వాట్సాప్‌లో రాస్తే రెండూ ఒకటే, పాట పాటో పాత పాతో తెలియదు. లేఖిని అనే తెలుగు టైపింగు వెబ్‌సైటులో టైపు చేసేవాళ్ళకి ఇది వేళ్ళలో ఉంటుంది. మాట మధ్యలో పెద్దక్షరం ఇంగ్లీషులో మహాపరాధం, ఆర్‌టీఎస్‌లో అది లేకపోతే పని జరగదు. నాకైతే ఇది చాలా తెలివైన ఏర్పాటనిపిస్తుంది. కాకపోతే ఆ అలవాటుతో ఇంగ్లీషు ఈమెయిల్లో ఊరి పేరు మధ్యలో పెద్ద డి కొట్టేవాళ్ళని కూడా చూశాను.

ఇంకొక్క సంగతి. పెద్దక్షరం గౌరవం కాదు, గౌరవం కాదు అని పొద్దుట్నించీ వాయిస్తున్నాను. మీలో ఎవరైనా చదువుకున్నవాళ్ళు, మరి అమెరికాలో నల్లజాతివారు పెద్దక్షరం కోసం ఎందుకు పోరాడారు మాస్టారూ అని అడగవచ్చు. అడగాలి కూడా. అప్పట్లో వాళ్ళని 'నీగ్రో' అని రాసేవారు, చిన్న ఎన్‌తో. ఇటాలియన్‌కి పెద్ద ఐ, ఐరిష్‌కి పెద్ద ఐ, జర్మన్‌కి పెద్ద జి, మాకొక్కరికే చిన్నదా అని డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్ వంటివాళ్ళు ఏళ్ళ తరబడి పత్రికలకి రాశారు. 1930లో న్యూయార్క్ టైమ్స్ ఒప్పుకుంది. ఇది ఉత్త అచ్చు మార్పు కాదు, తరతరాలుగా 'లోయర్ కేస్'లో ఉండిపోయినవారి ఆత్మగౌరవానికి గుర్తింపు అన్న అర్థంలో సంపాదకీయం కూడా రాసింది. తర్వాత ఆ మాటే వాడుక తప్పింది, 'బ్లాక్' వచ్చింది, మళ్ళీ చిన్న బి. 2020 జూన్‌లో అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా సంస్థ పెద్ద బి రాయాలని నిర్ణయించింది, మిగతా పత్రికలు చాలా అదే దారి పట్టాయి.

మరి నేను చెప్పింది తప్పా? ఆలోచించండి. వాళ్ళు అడిగింది మాకు గారు తగిలించమని కాదు. చిన్న బి అంటే రంగు. మేం రంగు కాదు, ఫలానా ప్రజలం, మాకొక పేరుంది, పేరుని పేరులా రాయండి అన్నారు. గౌరవం అందులోంచి వచ్చింది. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను, మీరు ఇంకోలా అనుకుంటే తర్వాత మాట్లాడుకుందాం.

శీర్షికల గురించి ఒక్క ముక్క. బ్రిటిష్ పత్రికలు శీర్షికని మామూలు వాక్యంలా రాయడానికే మొగ్గుతాయి. రెండో పద్ధతిలో ముఖ్యమైన మాటలన్నిటికీ పెద్దక్షరం, మధ్యలో 'ది', 'ఆఫ్', 'అండ్' లాంటివి చిన్నవి. 'ఈజ్' మాత్రం పొట్టిదైనా క్రియ, దానికి పెద్ద ఐ. ఐదక్షరాల 'అబౌట్', 'అండర్' లాంటి ప్రిపోజిషన్లకి ఏం చేయాలంటే, చికాగో మాన్యువల్ అనే రాత నియమాల పుస్తకం వాళ్ళు చిన్నవే అంటూ వచ్చి, 2024 కూర్పులో పెద్దవి చేయమన్నారు. వాళ్ళే మనసు మార్చుకున్నారు కాబట్టి మీరు దీని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఆ కాగితాలు తీయండి. మొదటి వైపు ఉన్నది మన లీవ్ లెటరే, అందులో ఉండాల్సిన దానికన్నా ఎక్కువ పెద్దక్షరాలు ఉన్నాయి, కొట్టేయండి. 'యువర్స్' వై ఉంచండి, 'ఒబీడియంట్లీ' ఓ కొట్టేయండి, అది నేనే చెప్పేస్తున్నాను. రెండో వైపు పేరా మొత్తం చిన్న అక్షరాల్లో ఉంది. అందులో 'మార్చ్' అనే మాట రెండుసార్లు వస్తుంది, ఒకటి నెల, ఒకటి కవాతు. 'పాలిష్' రెండుసార్లు వస్తుంది, ఒకటి బూటుకి వేసేది, ఒకటి పోలండు భాష. రాతలో ఆ రెండో దానికీ అవే అక్షరాలు, పలకడమే 'పోలిష్'. తూర్పు కూడా రెండుసార్లు ఉంది. పెన్సిల్‌తో దిద్దండి, పెన్ను వద్దు. ఒక పావుగంట తీసుకోండి. పక్కవాళ్ళది చూడచ్చు, ఇది పరీక్ష కాదు. కాకపోతే ఇద్దరిదీ ఒకటే తప్పు వస్తే మాత్రం ఇద్దర్నీ లేపి అడుగుతాను.